నాలుగు కాటాలు, ఒకే స్క్రిప్టు: పెరుగుతున్న ఫైళ్లలో కొత్త లైన్లను పట్టుకోవడం ఎలా?

కిందటి ధాన్యం సీజన్లో ఒక రాత్రి ఎనిమిదింటికి మిల్లు గుమస్తా గారు ఫోన్ చేశారు. "ఏటి బాబూ ఇది? పద్దెనిమిది టన్నుల లారీని నూటెనభై రెండు కేజీలంటుంది మీ కంప్యూటరు!"

నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో ఉంటాను. చుట్టుపక్కల రైసు మిల్లుల్లో, జీడిపప్పు కార్ఖానాల్లో కంప్యూటర్లు, కెమెరాలు, కాటా సాఫ్టువేరు చూసుకోవడం నా పని. ఈ మిల్లు వాళ్లకి నాలుగు కాటాలున్నాయి. ఊళ్లో రెండు, కాశీనగరంలో ఒకటి, గుణుపురంలో ఒకటి. లారీ తూగగానే కాటా కంప్యూటరు ఒక టెక్స్టు ఫైలు చివర ఒక లైను రాస్తుంది. ఆ నాలుగు ఫైళ్లనీ ఒకే స్క్రిప్టు కనిపెట్టుకుని ఉండి, కొత్త చీటీ పడగానే షావుకారు ఫోనుకి మెసేజ్ పంపాలి. ఇదెంత, ఒక పూట పని అనుకున్నాను. ఒక పూటలో అయింది కూడా. దాన్ని సరిచేయడానికి మాత్రం సీజనంతా పట్టింది.

ఆ సీజన్లో నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ దగ్గర కాటా ఫైళ్లే ఉండక్కర్లేదు. వెబ్ సర్వర్ లాగులు (జరిగిందల్లా వరసగా రాసిపెట్టే ఫైళ్లు), యూపీఎస్ లాగు, సెన్సర్ రీడింగులు, ఏవైనా సరే, చివర్న పెరుగుతూ పోయే ఫైళ్లయితే చాలు. కమాండ్ల పేర్లు మనం నోటితో పలికినట్టే రాశాను. మిగతాది పైథాన్లో చేసినట్టు చెబుతాను, వేరే భాషలో రాసేవాళ్లకీ దారి ఇదే.

ముందు టెయిల్‌తో సరిపోతుందేమో చూడండి

లినక్స్‌లో టెయిల్ కమాండ్ ఉంది. దానికి హైఫన్ ఎఫ్ ఇస్తే ఫైలు చివర్న కూర్చుని కొత్తగా పడ్డదల్లా చూపిస్తూ ఉంటుంది. ఒకేసారి ఎన్ని ఫైళ్ల పేర్లయినా ఇవ్వొచ్చు. ఎఫ్ చిన్నదా పెద్దదా అన్నది ముఖ్యం. చిన్న ఎఫ్ ఇస్తే, తెరిచిన ఫైలునే పట్టుకుని ఉంటుంది. ఎవరైనా ఆ ఫైలు పేరు మార్చి అదే పేరుతో కొత్తది పెడితే, టెయిల్ పాతదాని దగ్గరే ఉండిపోతుంది. పెద్ద ఎఫ్ ఇస్తే పేరును పట్టుకుంటుంది. ఫైలు మాయమైతే మళ్లీ వచ్చేదాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. లాగులకు ఎప్పుడూ పెద్ద ఎఫ్ వాడండి. దానితో పాటు హైఫన్ ఎన్ 0 ఇస్తే పాత లైన్లు చూపించకుండా ఇప్పటి నుంచి పడేవే చూపిస్తుంది.

కళ్లతో చూడ్డానికి ఇది బంగారం. స్క్రిప్టులో వాడాలంటేనే చిక్కు. ఒకటికి మించి ఫైళ్లిస్తే, ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి మారినప్పుడల్లా టెయిల్ మధ్యలో బాణం గుర్తులతో ఫైలు పేరు శీర్షికగా వేస్తుంది, దానికి ముందు ఒక ఖాళీ లైను కూడా. ఏ లైను ఏ కాటాదో తెలియాలంటే ఆ శీర్షికలను విడదీసుకోవాలి. హైఫన్ క్యూ ఇచ్చి శీర్షికలు తీసేస్తే ఏ లైను ఎక్కడిదో తెలియదు. అందుకని చాలామంది ఫైలుకో టెయిల్‌ను వెనక నడిపించి, ఒక్కో లైను ముందు ఫైలు పేరు అతికిస్తారు. నాలుగైదు ఫైళ్ల వరకూ ఇది బాగానే నడుస్తుంది. ఆ పద్ధతికి వెళ్తే మెయిన్ స్క్రిప్టు చచ్చిపోయినా టెయిల్‌లు అనాథల్లా నడుస్తూ ఉండొచ్చు. దానికి టెయిల్‌లోనే పిడ్ అనే ఆప్షన్ ఉంది, ఫలానా ప్రాసెస్ ఆగితే నువ్వూ ఆగు అని చెప్పడానికి. టెయిల్ నుంచి పైపు వేసి, లైన్లు వడకట్టే గ్రెప్‌కి, అక్కడి నుంచి ఇంకో ప్రోగ్రాముకి పంపితే మెసేజ్‌లు గుత్తగా ఆలస్యంగా వస్తాయి. అప్పుడు గ్రెప్‌కి లైన్ బఫర్డ్ ఆప్షన్ పెట్టండి.

నేను టెయిల్‌ని వదిలేయడానికి అసలు కారణం వేరు. మా దగ్గర కరెంటు పోతుంది. స్క్రిప్టు పడిపోయి పది నిమిషాల తర్వాత లేస్తే, ఆ పది నిమిషాల్లో పడ్డ చీటీల మాటేమిటి? హైఫన్ ఎన్ 0 ఇస్తే అవి పోయినట్టే. మొదటి నుంచి చదవమంటే సీజన్ మొత్తం మళ్లీ వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో టెయిల్ రాసిపెట్టుకోదు. ఆ లెక్క మీకు అవసరం లేదనుకుంటే ఇక్కడితో ఆపేయండి, టెయిల్ చాలు. అవసరమైతే మాత్రం సొంత స్క్రిప్టు తప్పదు.

గుర్తు పెట్టుకోవాల్సింది

పాత గుమస్తాలు పద్దు పుస్తకంలో ఎంతవరకు సరిచూశారో అక్కడ పెన్సిల్‌తో టిక్కు పెట్టి లేస్తారు. టీ తాగొచ్చినా, మర్నాడు పొద్దున వచ్చినా, వేరే మనిషి వచ్చి కూర్చున్నా, ఆ టిక్కు నుంచే మొదలు. మన స్క్రిప్టు కూడా చేయాల్సింది అదే. ఫైలు మారిందని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది పెద్ద విషయం కాదు. టిక్కు ఎక్కడుందన్నదే అసలు సంగతి.

ఒక్కో ఫైలుకి మూడు సంగతులు దాచుకోండి.

మొదటిది, ఎన్నో బైటు దాకా పూర్తిగా చదివేశామన్న అంకె. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. రెండోది, ఆ ఫైలు ఐనోడ్ నంబరు, అది ఉన్న డిస్కు నంబరు. లినక్స్‌లో ఫైలుకి పేరు వేరు, ఒళ్లు వేరు. ఐనోడ్ ఆ ఒంటికి ఇచ్చిన నంబరు. పేరు మార్చినా ఐనోడ్ మారదు. అదే పేరుతో కొత్త ఫైలు పెడితే ఐనోడ్ మారుతుంది. మూడోది, ఫైలు మొదటి 256 బైట్ల వేలిముద్ర. ఆ బైట్లను షా256 లాంటి దానితో ఒక చిన్న కోడుగా మార్చి దాచండి. ఈ మూడోది ఎందుకో తర్వాత చెబుతాను. మొదట్లో అక్కర్లేదనుకుని వదిలేసి, తర్వాత షావుకారుతో మాటపడ్డాను.

ఫైలు మారిన టైము చూసి నిర్ణయించకండి. ఒకే క్షణంలో రెండుసార్లు రాసినా, కాటా కంప్యూటరు గడియారం వెనక్కి నడిచినా ఆ పద్ధతి దెబ్బతింటుంది. సైజును ఆఫ్‌సెట్‌తో పోల్చండి. సైజు ఎక్కువైతే కొత్తది పడినట్టు, సమానమైతే ఏమీ లేనట్టు, తక్కువైతే ఎవరో ఫైలును ఖాళీ చేసినట్టు.

అసలు లూప్

మాటల్లో రాస్తే ఇంతే:

ప్రతి 2 సెకన్లకోసారి, జాబితాలో ఉన్న ప్రతి ఫైలు దగ్గరికీ వెళ్లు.
సైజు, ఐనోడ్ అడుగు.
సైజు, ఐనోడ్, వేలిముద్ర చూసి, అది అదే ఫైలా కాదా తేల్చుకో.
సైజు పెరిగితే, ఫైలును బైట్ల రీతిలో తెరిచి ఆఫ్‌సెట్ దగ్గరికి దూకు.
64 కేబీ మించకుండా చదువు.
చదివిన దాంట్లో చివరి లైను ముగింపు ఎక్కడుందో వెతుకు.
అక్కడిదాకా ఉన్న లైన్లను పని చేయించు, ఆఫ్‌సెట్‌ను అక్కడికి జరుపు.
మిగిలిన ముక్కను పారేయ్.
గుర్తులు డిస్కులో రాసి, నిద్రపో.

దూకడానికి పైథాన్లో సీక్, సైజూ ఐనోడూ అడగడానికి స్టాట్. 64 కేబీ పరిమితి ఎందుకంటే, ఒక ఫైల్లో ఒక్కసారిగా బోలెడు పడితే దాన్ని చదువుతూ మిగతా మూడింటినీ మరిచిపోకుండా. మిగిలింది వచ్చే చుట్టులో చదువుతుంది. నిద్ర మాత్రం తీసేయకండి. తీసేస్తే లూపు ఊపిరాడకుండా తిరిగి ఒక ప్రాసెసర్ కోర్ మొత్తం తినేస్తుంది, ఫ్యాను మోతకి కాటా గదిలో నిలబడలేరు.

ఒక మాట. నెట్‌వర్క్ సాకెట్లకు వాడినట్టు, కొత్తది వచ్చిందా అని అడిగే సెలెక్ట్, పోల్ లాంటివి మామూలు ఫైళ్లకు వాడదామనుకుంటారు కొందరు. పని చేయదు. మామూలు ఫైలు ఎప్పుడు అడిగినా "చదవడానికి సిద్ధం" అనే అంటుంది, కొత్తది ఉన్నా లేకపోయినా. ఈపోల్ అయితే మామూలు ఫైలును చేర్చుకోనే చేర్చుకోదు, అనుమతి లేదంటుంది.

ఫైలును ప్రతి చుట్టూ తెరిచి మూయడం దండగ కదా అనిపించొచ్చు. నాలుగు ఫైళ్లకి, నలభై ఫైళ్లకి కూడా అది లెక్కలోకి రాదు. పైగా తెరిచే ఉంచితే వచ్చే తలనొప్పి ఒకటుంది. సీ భాషలో, లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28 నుంచి ఫైలు చివర తగిలిందన్న గుర్తు అలాగే అతుక్కుని ఉంటుంది, దాన్ని చెరిపితే తప్ప ఆ తర్వాత పెరిగిన భాగం కనబడదు. పెర్ల్‌లో ఉన్నచోటికే మళ్లీ సీక్ చేసి ఆ గుర్తు చెరపడం పాత అలవాటు. మూసి తెరిస్తే ఆ గొడవే లేదు.

సగం లైను: 182 కేజీల లారీ

ఇప్పుడు గుమస్తా గారి ఫోను సంగతికి వద్దాం. కాటా సాఫ్టువేరు రాసే లైను ఇలా ఉంటుంది: చీటీ నంబరు, సరుకు, బరువు, టైము, మధ్యలో సెమీకోలన్. ఆ రాత్రి రాయాల్సింది "0412;ధాన్యం;18240;19:52". ఆ లైను ఫైల్లోకి ఒక్క ఊపులో దిగలేదు. "0412;ధాన్యం;182" దాకా దిగింది, మిగతాది కొద్ది క్షణాల తర్వాత దిగింది. సరిగ్గా ఆ మధ్యలో నా స్క్రిప్టు వెళ్లి చదివింది. రీడ్‌లైన్ అని అడిగితే ఫైలు చివర్న ఉన్న సగం ముక్కను కూడా లైను అనే ఇచ్చేస్తుంది, లైను ముగిసిందా అని చూడదు. నా స్క్రిప్టు దాన్ని నమ్మి 182 కేజీలని పంపింది. తర్వాతి చుట్టులో "40;19:52" అన్న ముక్క దొరికింది. అది అర్థంకాక పక్కన పడేసింది.

అంకె కాకుండా వేరే ఏదైనా తెగి ఉంటే స్క్రిప్టు ఎర్రరైనా ఇచ్చేది. తెగిన అంకె కూడా అంకే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇలాంటి తప్పు అందుకే ప్రమాదం.

మందు చిన్నదే. చివర లైను ముగింపు అక్షరం లేని ముక్కను లైనుగా ఒప్పుకోవద్దు. చాలామంది ఆ ముక్కను ఒక వేరియబుల్‌లో దాచి, వచ్చే చుట్టులో ముందు అతికిస్తారు. నాకు అది నచ్చదు. ఫైలుకో ముక్క చొప్పున మోయాలి, స్క్రిప్టు పడిపోతే ముక్క పోతుంది, ఆఫ్‌సెట్ మాత్రం ముందుకు జరిగి ఉంటుంది. పైన లూప్‌లో చెప్పినట్టు ముక్కను పారేసి, ఆఫ్‌సెట్‌ను చివరి లైను ముగింపు దగ్గరే ఉంచండి. వచ్చే చుట్టులో ఆ ముక్క మళ్లీ చదవబడుతుంది, ఈసారి నిండుగా. కొన్ని బైట్లు రెండుసార్లు చదివినందుకు ఎవరూ బిల్లు వేయరు.

ఇందులో ఒక్క మూల చూసుకోవాలి. 64 కేబీ నిండా చదివినా ఒక్క లైను ముగింపూ దొరకకపోతే, ఆఫ్‌సెట్ ఎప్పటికీ కదలదు, స్క్రిప్టు అక్కడే నిలబడిపోతుంది. అలా దొరకనప్పుడు ఇంకా పెద్ద ముక్క చదవనివ్వండి. 1 ఎంబీ దాటినా దొరక్కపోతే ఆ ఫైల్లో ఏదో తేడా ఉందని మీకు మెసేజ్ పంపించి దాన్ని పక్కన పెట్టాలి. విండోస్ నుంచి వచ్చే ఫైళ్లలో లైను చివర రెండు అక్షరాలుంటాయి, క్యారేజ్ రిటర్న్, తర్వాత న్యూలైన్. మొదటిది గీకేసుకోండి, లేకపోతే టైము పక్కన కనబడని చెత్త అంటుకుంటుంది.

బైట్ల రీతిలోనే ఎందుకు

మా దగ్గర ఒకే ఫైల్లో ఒక పార్టీ పేరు ఒడియాలో, ఇంకో పార్టీ పేరు తెలుగులో ఉంటుంది. పాతపట్నం నుంచి వచ్చే బండి తెలుగులో, ఆర్.ఉదయగిరి నుంచి దిగే బండి ఒడియాలో. మహేంద్రతనయ నదికి ఈ గట్టున ఇది మామూలే. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం, అంకె ఒక్కో బైటు. తెలుగు కోడ్, ఒడియా కోడ్ ఒక్కోదానికి మూడు బైట్లు. మనకి ఒక అక్షరంలా కనిపించే "ధా"లో రెండు కోడ్లున్నాయి, అంటే ఆరు బైట్లు. "ధాన్యం" రాయడానికి ఆరు కోడ్లు, 18 బైట్లు.

ఇప్పుడు ఆ ఫైలును టెక్స్టు రీతిలో తెరిచారనుకోండి. రాసేవాడు మూడు బైట్ల అక్షరంలో రెండు బైట్లు రాసిన సమయానికి మీరు చదివితే డీకోడ్ ఎర్రరు వస్తుంది, లేదా ప్రశ్న గుర్తుల పెట్టె వస్తుంది. పైగా పైథాన్లో టెక్స్టు రీతిలో టెల్ ఇచ్చే అంకె బైట్ల లెక్క అని నమ్మడానికి లేదు. ఫర్ లూప్‌తో లైన్లు చదువుతూ మధ్యలో టెల్ అడిగితే ఎర్రరే ఇస్తుంది. అందుకని బైట్లుగా చదవండి, లైను ముగింపు దగ్గర కోయండి, నిండు లైను చేతికొచ్చాకే యూటీఎఫ్-8గా మార్చండి. యూటీఎఫ్-8లో న్యూలైన్ బైటు ఏ తెలుగు అక్షరం మధ్యలోనూ రాదు కాబట్టి ఆ కోత ఎప్పుడూ సరైన చోటే పడుతుంది.

కాటా కంప్యూటర్లో ఎవరైనా పాత పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైల్లోకి రాయిస్తే అది యూటీఎఫ్-16 అవుతుంది. అప్పుడు పై లెక్క పనికిరాదు. అక్కడ రాసే పద్ధతినే యూటీఎఫ్-8కి మార్పించండి, మీ స్క్రిప్టును వంచకండి.

ఫైలు కిందనుంచి మారిపోతే

ఇక్కడ నిదానించండి. ఎక్కువమంది స్క్రిప్టులు పడిపోయేది ఇక్కడే.

లాగులు పెద్దవైతే వాటిని తిప్పడం రెండు రకాలు. ఒకటి, పాత ఫైలు పేరు మార్చి కొత్త ఖాళీ ఫైలు పెట్టడం. అప్పుడు ఐనోడ్ మారుతుంది. మీ స్క్రిప్టు మార్పు గమనించగానే ముందు పాత ఫైలు దగ్గరికి వెళ్లి, మిగిలిపోయిన లైన్లు చదివి, ఆ తర్వాతే కొత్తది మొదటి బైటు నుంచి మొదలుపెట్టాలి. పేరు మార్చే ముందు ఆఖరి సెకన్లో పడ్డ చీటీ అలాగే దొరుకుతుంది. పాత ఫైలు ఏదో తెలియాలంటే అదే ఫోల్డర్లో మన దగ్గరున్న ఐనోడ్ నంబరు ఎవరిదో వెతకండి.

రెండోది, ఫైలును వేరేచోట కాపీ చేసి అసలుదాన్ని ఖాళీ చేయడం. లాగులు తిప్పే లినక్స్ ప్రోగ్రాము లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ అంటే ఇదే. ఐనోడ్ మారదు, సైజు సున్నాకి పడుతుంది. సైజు ఆఫ్‌సెట్ కన్నా తక్కువైతే ఆఫ్‌సెట్‌ను సున్నా చేయండి. ఈ పద్ధతిలో కాపీకీ ఖాళీకీ మధ్య పడ్డ లైన్లు ఎవరికీ దొరకవు, అది మీ స్క్రిప్టు తప్పు కాదు. మీ చేతిలో ఉంటే ఈ పద్ధతి వాడనివ్వకండి.

సైజు చూడ్డం ఒక్కటే చాలదు. స్క్రిప్టు ఆగి ఉన్న గంటలో ఫైలు ఖాళీ అయి, మళ్లీ పాత ఆఫ్‌సెట్‌ను దాటి పెరిగిందనుకోండి. సైజు ఎక్కువే ఉంది, ఐనోడ్ అదే ఉంది. స్క్రిప్టు అంతా బాగుందనుకుని నడిమధ్యకి దూకుతుంది. ఐనోడ్‌నీ గుడ్డిగా నమ్మలేం. పాత ఫైలు తీసేస్తే దాని ఐనోడ్ నంబరును ఫైల్‌సిస్టమ్ కొత్త ఫైలుకి ఇవ్వొచ్చు, ఈఎక్స్‌టీ4లో ఇది తరచు జరుగుతుంది.

నాకు తగిలింది దీనికి తిరగబడ్డ కేసు. గుణుపురం కాటా ఫైలు, ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ ద్వారా ఇక్కడికి వస్తుంది. ఆర్‌సింక్ మామూలుగా పక్కన ఒక తాత్కాలిక ఫైలు తయారు చేసి, పూర్తయ్యాక దాన్ని అసలు పేరు మీదికి మారుస్తుంది. అంటే ప్రతి సింక్‌కీ ఐనోడ్ కొత్తదే. లోపలి విషయం మాత్రం పాతదే, చివర్న కొంచెం పెరిగింది అంతే. ఐనోడ్ మారింది కాబట్టి కొత్త ఫైలే అని నా స్క్రిప్టు తీర్మానించుకుని మొదటి నుంచి చదివింది. సింక్ పది నిమిషాలకోసారి. పొద్దున లేచేసరికి ఆ సీజన్ చీటీలన్నీ పదేపదే షావుకారు ఫోన్లో ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాటే అడిగారు, "బాబూ, ఈ ఫోను నువ్వే ఉంచుకుంటావా?" అని.

వేలిముద్ర అందుకు. ఐనోడ్ మారినా, మారకపోయినా, మొదటి 256 బైట్ల వేలిముద్ర అదే అయితే, సైజు తగ్గకపోతే, అది అదే ఫైలు, ఆఫ్‌సెట్ నుంచి సాగండి. వేలిముద్ర మారితే కొత్త ఫైలు, సున్నా నుంచి మొదలు. ఫైల్లో ఇంకా 256 బైట్లు లేకపోతే, ఉన్నన్ని బైట్లకే వేలిముద్ర తీసి ఎన్ని బైట్లకి తీశారో పక్కన రాసుకోండి, పెరిగాక మళ్లీ తీయండి. ప్రతి ఫైలూ ఒకే శీర్షిక లైనుతో మొదలైతే వేలిముద్రలన్నీ ఒకేలా వస్తాయి. అప్పుడు మొదటి చీటీ లైను కూడా కలిసేంత పొడుగు తీసుకోండి. ఆర్‌సింక్‌లో ఇన్‌ప్లేస్ ఆప్షన్ పెడితే ఉన్న ఫైల్లోనే రాస్తుంది, ఐనోడ్ మారదు. అది నేను తర్వాత పెట్టాను గానీ వేలిముద్ర తీసేయలేదు.

రోజుకో ఫైలు

కాశీనగరం కాటా తేదీ పేరుతో రోజుకో ఫైలు రాస్తుంది. కాబట్టి జాబితాను స్క్రిప్టులో రాసేయకండి. ఫోల్డరూ పేరు నమూనా ఇచ్చి, 30 సెకన్లకోసారి గ్లాబ్‌తో (నమూనాకి సరిపోయే ఫైలు పేర్లు వెతికేది) వెతికించండి. స్క్రిప్టు జీవితంలో మొట్టమొదటిసారి లేచినప్పుడు కనబడ్డ ఫైళ్లకి ఆఫ్‌సెట్ చివర పెట్టండి, పాతవి పంపొద్దు కదా. ఆ తర్వాత పుట్టిన ఫైలు ఏదైనా సున్నా నుంచి. దీన్ని తిరగేస్తే ప్రతి అర్ధరాత్రి తర్వాత మొదటి లారీ పోతుంది. వారం రోజుల కిందటి ఫైళ్లను జాబితా నుంచి దించేయొచ్చు, గుర్తులు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచండి.

ఐనోటిఫై వాడాలా?

లినక్స్ కెర్నెల్‌లో 2005లో 2.6.13తో వచ్చిన ఐనోటిఫై, ఫైలు మారగానే మనకి కబురు చెబుతుంది. రెండు సెకన్లకోసారి వెళ్లి చూడక్కర్లేదు. టెయిల్ కూడా వీలున్నచోట దాన్నే వాడుతుంది. మంచిదే, కానీ అది కబురు మాత్రమే. ఏం పడింది, ఎంత పడింది అన్నది చెప్పదు. వరసగా వచ్చే ఒకేలాంటి కబుర్లను ఒకటిగా కలిపేస్తుంది, వరస నిండితే కొన్ని పారేసి పొంగిపోయిందని చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నెట్‌వర్క్ షేరు మీద అవతలి కంప్యూటరు రాసినదాని గురించి దానికి ఏమీ తెలియదు. కాశీనగరం ఫైలు విండోస్ షేరు ద్వారా వచ్చేది. ఐనోటిఫైతో రాస్తే ఊళ్లో రెండు కాటాలు పలికాయి, కాశీనగరం ఒక్క మాటా పలకలేదు. ఎర్రరూ లేదు.

లారీ తూగిన రెండు సెకన్లకి మెసేజ్ వెళ్తే మా షావుకారుకి చాలు. మీకు అంతకన్నా తొందరైతే ఐనోటిఫైని ఆ లూప్‌ను నిద్ర లేపడానికి మాత్రం వాడండి, లూపు మాత్రం తిరుగుతూనే ఉండాలి. ఫైలు మీద కాకుండా ఫోల్డరు మీద కాపలా పెట్టండి, అప్పుడు పేరు మార్చి పెట్టిన కొత్త ఫైలు కూడా తెలుస్తుంది.

నెట్‌వర్క్ షేరుతో ఇంకో గొడవ. అవతలి లైను చచ్చిపోతే సైజు అడిగిన స్టాట్ తిరిగి రాకుండా అక్కడే ఆగిపోవచ్చు. అప్పుడు కాశీనగరం కోసం మిగతా మూడు కాటాలూ ఆగుతాయి. అందుకని దూరపు షేరుకి ఒక విడి ప్రాసెస్ ఇవ్వండి, అది చస్తే అదే చస్తుంది. స్క్రిప్టునే విండోస్‌లో నడిపితే ఫోల్డరు జాబితాలో కనిపించే సైజును నమ్మకండి. ఫైలు ఇంకా తెరిచి ఉంటే ఆ అంకె పాతదై ఉండొచ్చు. ఫైలు తెరిచి సైజు అడగండి. చదవగానే మూసేయండి కూడా, పైథాన్ తెరిచి ఉంచిన ఫైలు పేరును విండోస్‌లో వేరేవాళ్లు మార్చలేరు, కాటా సాఫ్టువేరు అర్ధరాత్రి ఎర్రరు ఇస్తుంది.

గుర్తులు దాచడం

గుర్తులన్నీ ఒక చిన్న జేసన్ ఫైల్లో దాచండి. నేరుగా దాని మీదే రాయకండి. రాస్తుండగా కరెంటు పోతే సగం జేసన్ మిగులుతుంది, లేచాక స్క్రిప్టుకి ఏ గుర్తూ ఉండదు. పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్‌తో డిస్కుకి దింపి, అప్పుడు పాతదాని మీదికి పేరు మార్చండి. రెండూ ఒకే డిస్కులో ఉంటే ఆ పేరు మార్పు అయితే పూర్తిగా అవుతుంది, లేకపోతే అసలు కాదు.

మెసేజ్ ముందా, గుర్తు ముందా? గుర్తు ముందు రాస్తే, ఆ రెంటి మధ్య కరెంటు పోయినప్పుడు చీటీ ఎవరికీ తెలియకుండా పోతుంది. మెసేజ్ ముందు పంపితే, అదే చీటీ రెండోసారి వెళ్లొచ్చు. డబ్బు లెక్కలో ఒకటి తగ్గడం కన్నా రెండోసారి కనబడటం మేలు. నేను మెసేజ్ ముందే పంపిస్తాను. ఇప్పటిదాకా పంపిన చీటీ నంబర్లను కాటా పేరుతో కలిపి కొన్ని వందలు గుర్తుంచుకుని, మళ్లీ అదే నంబరు వస్తే మింగేస్తాను. మెసేజ్ వెళ్లకపోతే, నెట్ లేకపోతే, ఆఫ్‌సెట్ జరపకండి. వచ్చే చుట్టులో మళ్లీ ప్రయత్నిస్తుంది.

రాసేవాడే దాచుకుంటే

అన్నీ సరిగా ఉన్నా లైన్లు గంటకోసారి గుంపుగా వస్తున్నాయా? అప్పుడు తప్పు చదివే వైపు కాదు. చాలా ప్రోగ్రాములు తెర మీద రాసేటప్పుడు లైనుకోసారి వదులుతాయి, ఫైల్లోకి రాసేటప్పుడు మాత్రం 4 కేబీ లాంటి ముద్ద నిండేదాకా లోపలే దాచుకుంటాయి. మీ స్క్రిప్టు ఎంత చురుగ్గా ఉన్నా ఫైల్లో లేనిది చదవలేదు. ఆ ప్రోగ్రామును ఎస్‌టీడీబఫ్‌తో లైనుకోసారి వదిలేలా నడిపించండి, కుదిరితే. పైథాన్లో రాసిందైతే ఫ్లష్ పెట్టించండి. మా లారీ లైను రెండు ముక్కలుగా దిగడానికీ ఇలాంటి ముద్దే కారణం, ముద్ద నిండిన చోట లైను తెగింది.

కరెంటు తీసి చూడండి

స్క్రిప్టును లినక్స్‌లో ప్రోగ్రాములను వెనక నడిపించే సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టి, పడితే మళ్లీ లేచేలా రీస్టార్ట్ ఆల్వేస్ ఇవ్వండి. ఆ తర్వాత పరీక్ష. పరీక్షకి ఫైలును విమ్‌లో తెరిచి లైను కలిపి సేవ్ చేయకండి. విమ్ లాంటి ఎడిటర్లు పాతదాని చోట కొత్త ఫైలు పెడతాయి, మీరు పరీక్షించేది చివర చేర్చడం కాదు, ఫైలు మార్చడం అవుతుంది. ఎకోతో రెండు బాణాలు వేసి చివర చేర్చండి.

ముందు మామూలు లైను చేర్చండి. తర్వాత ప్రింట్‌ఎఫ్‌తో ముగింపు లేకుండా సగం లైను వేసి, ఐదు సెకన్లు ఆగి, మిగతాది వేయండి. ఒకే మెసేజ్ రావాలి, నిండుగా. తర్వాత తెలుగు పేరున్న లైనును ఒక్కో బైటుగా వేయండి. ఫైలు పేరు మార్చి అదే పేరుతో కొత్తది పెట్టండి. ఫైలును ఖాళీ చేసి, వెంటనే పాత సైజు దాటేంత నింపండి, దీని దగ్గరే వేలిముద్ర పనిచేస్తుందో లేదో తెలుస్తుంది. ఫైలును కాపీ చేసి అదే పేరు మీదికి మార్చండి, ఒక్క పాత చీటీ కూడా రాకూడదు. స్క్రిప్టును కిల్ హైఫన్ 9తో చంపి, ఆగి ఉండగా మూడు లైన్లు చేర్చి, లేపండి. ఆ మూడే రావాలి.

ఆఖరున, గుమస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని, కాటా మీద ఒక ఖాళీ బండి ఎక్కించి, చీటీ పడుతుండగా యూపీఎస్ స్విచ్ కట్టేయండి. నేను ఇది ఆరుసార్లు చేశాను. అయిదోసారి గుర్తుల ఫైలు సున్నా బైట్లతో లేచింది, ఎఫ్‌సింక్ మరిచిపోయానని అప్పుడే తెలిసింది. పెట్టాక ఆరోసారి చీటీ సరిగానే వెళ్లింది. గుమస్తా గారు మాత్రం ఫోన్లో బరువూ కాగితం మీద బరువూ ఇప్పటికీ రోజూ సాయంత్రం పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూనే ఉన్నారు.